ఎరుకలవారును పోలీసు రిజిస్టరును

కృష్ణా డెల్టా చరిత్రమును వ్రాయువారు ఆనకట్టను మఱవరు. కాలువలను, గ్రంథాలయములను, పత్రికలను మఱవరు. 1930 వ సంవత్సరపు ఉప్పు సత్యాగ్రహమున లాఠీదెబ్బలు తిన్నవారినిగూడ మఱవరు. ఆ యేటి మే 6 వ తేదీన బందరు కోనేరు సెంటరులో జాతీయపతాకమును నిలుపబోయిన తోట నరసయ్య నాయుడుగారిని స్పృహ తప్పువఱకు పోలీసులు కొట్టిన సంగతి ఈ సీమలో నేటికిని చెప్పుకొనుచునే యున్నారు. అది చెప్పుకొనవలసిన సంగతియే. కాని ఆ లాఠీ ఆనాడు క్రొత్తగా పుట్టినది కాదు. అంతకు చాల యేండ్ల పూర్వమునుండియే అది ఈ దేశమున మఱికొందఱి వీపులకు అలవాటు పడియుండెను. ఆ వీపులకు మన చరిత్రగ్రంథములలో దొరకిన చోటు స్వల్పము. ఎరుకలవారి కథను మేమిక్కడ కొంత విస్తరించి వ్రాయుటకు ఇదియే కారణము.

ఎరుకలవారు మనకు తెలియనివారు కారు. మన యిండ్లలోని గంపలు, చేటలు, తట్టలు, ఈతాకు చాపలు అనేకము వారి చేతిపనులు. వాకిట నిలిచి సోదె చెప్పు ఎరుకలసానికి మన అవ్వలు చేటెడు బియ్యము పెట్టి చేయి చాచుచుండిరి. తిరుపతి వేంకటేశ్వరుని పెండ్లికథలో ఆ స్వామియే ఎరుకలసాని వేషము ధరించి ఆకాశరాజు నగరికి పోయెనని వినుచున్నాము. వారి యింటిభాష తమిళమునకు దగ్గఱిది, వీథిభాష తెలుగు. వారికి జ్ఞాతులైనవారిని తమిళదేశమున కొరవలందురు. వారిలోని తెగల పేర్లను వినినచో వారి చరిత్రము కొంత బయటపడును: ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. అమ్మిన సరకునుబట్టి, చీల్చిన వెదురునుబట్టి వచ్చిన పేర్లివి. "దొంగ ఎరుకల" యనునది వారు తమకు పెట్టుకొన్న పేరు కాదు. ఇతరుల నోట పుట్టి పోలీసు కాగితములలో బలిసిన పేరు.

ఉప్పు ఎరుకలవారు సముద్రతీరమున ఉప్పు కొని, గాడిదలమీదను ఎద్దులమీదను పెఱికెలు వేసికొని, మెట్టసీమలకు పోయి ధాన్యమునకు మార్చుకొనుచుండిరి. భార్యాబిడ్డలతో గుంపుగా పోవుట, దారిలో చెట్లక్రింద దిగుట, ఏటేట అవే ఊళ్లకు వచ్చుట వారి వర్తకపు పద్ధతి. రైతు వారికొఱకు ఎదురుచూచెడివాడు. 1805 లో కుంపిణీవారు చెన్నపట్టణపు రాజధానిలో ఉప్పును తమ గుత్తసొత్తు చేసికొనిరి. ఉప్పుమీది పన్ను 1882 లో మణుగునకు రెండు రూపాయలుగా నుండి 1888 లో రెండున్నర రూపాయలయ్యెను. చినగంజాము మొదలగు చోట్ల ఉప్పుకొటారులు సర్కారు కావలిలో నుండెను. కాలువలపై పడవలు వచ్చెను. 1893 లో బెజవాడవద్ద కృష్ణమీద రైలువంతెన తయారయ్యెను. గాడిద పదిదినములలో మోయు బరువు రైలులో రాత్రికి రాత్రి పోసాగెను. 1882 నాటి అడవి చట్టముతో వెదురునకును, పశువుల మేపునకును అడ్డు వచ్చెను. మీనా రాధాకృష్ణ అను చరిత్రకారిణి 2001 లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతిని సాక్ష్యములతో నిరూపించినది. వర్తకము పోయినది, తిరుగుట మాత్రము మిగిలినది. సరకు లేక తిరుగువానిని చూచి సర్కారు "వీడేల తిరుగుచున్నాడు?" అని యడిగెను. సరకు ఏమాయెనని మాత్రము అడుగలేదు.

ఇక పోలీసుల సంగతి. మన ప్రాంతపు పోలీసు ఒక విచిత్రమైన పుట్టుక పుట్టినది. 1855 లో చెన్నపట్టణమున హింసావిచారణ సంఘమొకటి కూర్చుండెను. దాని సభ్యులు ఇలియట్, స్టోక్స్, నార్టన్ దొరలు. శిస్తు వసూలునకును, నేరము ఒప్పించుటకును తాలూకా నౌకరులు జనులను బాధించుచున్నారని వచ్చిన మొఱలను వారు విచారించి నిజమేనని తేల్చిరి. కఱ్ఱల నడుమ వ్రేళ్లుంచి నొక్కు కిట్టి, మెడను కాళ్లకు త్రాటితో కట్టి వంచి ఎండలో నిలుపుట మొదలైనవి ఆ నివేదికలో కానవచ్చును. ఈ దుర్నయమును మాన్పుటకు శిస్తు పనిని పోలీసు పనినుండి వేఱుపఱచి, 1859 లో చెన్నపట్టణమునకును, 1861 లో దేశమంతటికిని క్రొత్త పోలీసు చట్టములను చేసిరి. హింసను తొలగించుటకు పుట్టిన దళము ఏబదియేండ్లలో ఎట్లయ్యెనో 1902-03 పోలీసు కమీషనువారే చెప్పిరి: పోలీసనిన జనులకు భయమేకాని నమ్మకము లేదనియు, లంచము, బాధించుట సర్వత్ర కలవనియు వారు వ్రాసిరి. ఆ కమీషనుకు కార్యదర్శి హెరాల్డ్ స్టూవర్ట్ దొర. ఈ పేరును చదువరులు గుర్తుంచుకొందురుగాక, మరల వచ్చును.

ఇంతలో 1871 అక్టోబరులో నేరస్థజాతుల చట్టము పుట్టెను. హిందువులలో వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలె కొడుకు సాలె యగునట్లే దొంగ కొడుకు దొంగ యగుననియు, కొన్ని కులములకు దొంగతనమే కులవృత్తి యనియు దానిని సమర్థించినవారు వాదించిరి. మన వర్ణవ్యవస్థను ఎఱుగక చెప్పిన మాట యని కొట్టివేయుదమన్నను వీలులేదు. మనమే వారికి నేర్పిన పాఠమది. దానిని వారు మనలో దిక్కులేనివారిపై ప్రయోగించిరి. ఇటలీదేశపు లొంబ్రోసో పండితుడు పుట్టుదొంగల సిద్ధాంతమును ప్రకటించినది 1876 లో. చట్టము ఆ శాస్త్రముకంటె అయిదేండ్లు పెద్దది. అమెరికాలో దాస్యము పోయిన 1865 వెంటనే దక్షిణరాష్ట్రములు పని లేక తిరుగు నల్లవారిని పట్టి శిక్షించు చట్టములను చేసికొనెను. తిరుగుటను నేరము చేసి, తిరుగువానిని కూలివాని చేయుట యను ఉపాయము రెండుచోట్లను ఒక్కటియే.

ఇంకొక వింత యున్నది. ఆ 1871 చట్టమును శాసనసభలో నడిపిన న్యాయసభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. మఱుసటి సంవత్సరము, 1872 లో, సాక్ష్యచట్టమును కూర్చినవాడును ఆయనయే. పోలీసు అధికారియెదుట చేసిన ఒప్పుకోలు నేరస్థునిపై రుజువునకు పనికిరాదని ఆ సాక్ష్యచట్టము చెప్పెను. పోలీసులు కొట్టి ఒప్పింతురని ఆ పండితునకు తెలిసియే యుండెనన్నమాట. అట్లు నమ్మదగనివారని ఒక చట్టమున నిర్ణయింపబడిన పోలీసుల చేతికి వేఱొక చట్టమున జాతులకు జాతులే అప్పగింపబడెను. సాక్ష్యచట్టములోనే ఒక సందు ఉండెను: నిందితుడు చెప్పిన మాటవలన సొత్తు బయటపడినచో అంతమేరకు ఆ మాట చెల్లుచుండెను. సొత్తు బయటపడుటకు ఠాణాలో ఏమి జరుగునో ఊహించుకొనుట కష్టము కాదు. ఎవరిని పట్టుకొన్నచో అడుగువారుండరో వారిచేతనే అది సులభముగా బయటపడుచుండును.

తొలి చట్టము ఉత్తరదేశమునకే వర్తించినది. 1911 లో దానిని తిరుగవ్రాసి దేశమంతటికిని, మన రాజధానికిని వర్తింపజేసిరి. 1924 లో మరల ఏకము చేసిరి. దాని నియమములను మేము చదివినప్పుడు మాకు మిక్కిలి దుస్సహముగా తోచినవి కొన్నిటిని మాత్రము చెప్పెదము. రాష్ట్రప్రభుత్వము ఒక తెగను నేరస్థజాతి యని గెజెట్టులో ప్రకటించినచో చాలును; ఆ ప్రకటన చెల్లునా చెల్లదా యని ఏ న్యాయస్థానమును అడుగరాదు. తెగవారి పేర్లను రిజిస్టరున చేర్చి, వ్రేలిముద్రలు తీసికొని, నియమించిన వేళలకు ఠాణాలోనో గ్రామాధికారి యొద్దనో హాజరు చెప్పుమని ఆజ్ఞాపింపవచ్చును. సెలవుచీటి లేక ఊరు దాటినచో శిక్ష. అనుమానము కలుగు స్థితిలో కనబడినందుకే మూడేండ్లవఱకు ఖైదు. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి బడులలో నుంచు అధికారమును కలదు. ఏ నేరమును చేయని తండ్రికి పుట్టి, ఏ నేరమును చేయని బాలుడు, తన పుట్టుకచేతనే పోలీసు లెక్కలోని వాడగుచుండెను.

ఆ చట్టములోని మఱియొక నియమమును మన కుటుంబములవారు శ్రద్ధగా చదువవలెను. అట్టి తెగవారు నివసించు ఊరి మునసబును, కావలివాడును మాత్రమే కాదు, వారుండు భూమికి యజమానియైనవాడుగూడ వారి రాకపోకలను పోలీసులకు తెలుపవలెను. కొత్తగా గుడిసె వేసికొన్నవారు ఆ జాతివారేమో యని అనుమానము తోచినను తెలుపవలెను. అనగా పోలీసు కచ్చేరికి తొలి గుమాస్తా మన అరుగుమీదనే కూర్చుండెను. ఊరిలో కోడి పోయినను, కొట్టము తాళము విఱిగినను "ఎరుకలవాండ్లు దిగినారటగదా" యను మాట మొదట మన యింట పుట్టును. అది మునసబు నోటబడి, ఠాణాకు పోయి, అక్కడ లాఠీ యగును. కానిస్టేబు పక్షపాతి యని తిట్టుట సులభము. అతనికి పేరు చెప్పినవారెవరు?

దొంగతనములు వారు చేయలేదా యని చదువరులు ఆక్షేపింపవచ్చును. కొందఱు చేసిరి. బ్రతుకు తెరువు పోయినవారిలో కొందఱు ప్రతి దేశమునను చేసిరి. దొంగసంతకముతో దస్తావేజు పుట్టించినవారును, కరణీకపు లెక్కలలో పొలము మ్రింగినవారును మన డెల్టాలో తక్కువగా లేరు. నేరము రుజువైనప్పుడు వారు జైలునకు పోయిరి. వారి తమ్ములను, మేనల్లుండ్రను, ఇంకను పుట్టని మనుమలను రిజిస్టరున వ్రాసికొనుటకు చట్టము పుట్టలేదు. మా ఆక్షేపణ దొంగను శిక్షించుటకు కాదు.

ఈ పాపమంతయు దొరలదే యనుటకు మాకు మనసు రాలేదు. 1909 లో శామశాస్త్రిగారు వెలికి తెచ్చిన కౌటిల్యుని అర్థశాస్త్రమున అనుమానముపై పట్టుటకొక అధ్యాయము, కొట్టి ఒప్పించుటకొక అధ్యాయము కలవు. ఎన్ని విధములుగా కొట్టవచ్చునో అందు లెక్కించి చెప్పి, బ్రాహ్మణుని మాత్రము ఎట్టి యపరాధమునకును అట్లు బాధింపరాదని వినాయించెను. దీనికి విరుగుడుగా మేము పిల్లలకు మృచ్ఛకటికమును చెప్పుచుందుము. అందులో కన్నము వేయు శర్విలకుడు బ్రాహ్మణుడు. గోడను కొలుచుటకు జందెమును వాడుకొనును. దానినిబట్టి ఎవరును బ్రాహ్మణజాతిని రిజిస్టరున చేర్పలేదు. ఆ నాటకముననే వీరక చందనకులను ఇద్దఱు రక్షకభటులు దారిలో బండిని సోదాచేయు విషయమున కలహించి, ఒకరి కులమును ఒకరు ఎత్తిపొడుచుకొందురు. నిరపరాధియైన చారుదత్తుని కొఱతకు పంపునది రాజుగారి బావమఱది పలుకుబడి. పోలీసుల చేతలో కులమెంత, కలిమి యెంత యను విచారమునకు ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము మేమెఱుగము.

ఇక సెటిల్మెంట్లు. నమోదైన కుటుంబములను ఒకచోట చేర్చి, కాపలాలో పని చేయించుటకు ఏర్పఱచిన ఊళ్లకు ఆ పేరు. సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘము ఈ పనిని పూనుకొనెను. దాని నాయకుడు బూత్ టక్కర్ పూర్వము ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. నేరమును రోగముగా నెంచి దానిని మాన్పుటకు "క్రిమినోక్యూరాలజీ" యని ఒక శాస్త్రమునే కల్పించెను. కృష్ణ కీవలి యొడ్డున, బెజవాడ కెదురుగానున్న సీతానగరమున ఒక సెటిల్మెంటు ఏర్పడెను. బాపట్ల చీరాలల నడుమ 1913-14 ప్రాంతమున ఏర్పడినది ప్రసిద్ధమైన స్టూవర్టుపురము. ఆ పేరు ఆనాటి చెన్నపట్టణపు ప్రభుత్వమున సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్ట్ దొరది. 1891 జనాభా లెక్కలలో ఈ రాజధానిలోని కులములను లెక్కించినవాడాయనయే. పోలీసులు బాధకులని వ్రాసిన కమీషనుకు కార్యదర్శియైనవాడాయనయే. 1904 లో ఏర్పడిన కేంద్ర నేరపరిశోధక శాఖకు తొలి అధ్యక్షుడును ఆయనయే. లెక్క, రోగనిర్ణయము, నిఘా మూడును ఒకే చేతిలో కలిసి చివఱకు ఒక ఊరి పేరైనవి.

స్టూవర్టుపురమున సేద్యము చాలనివారు చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీకి కూలికి పోయిరి. కంపెనీకి తనంతట వదలిపోలేని కూలి దొరకెను. బడి పెట్టిరి, వైద్యము చేసిరి, కొందఱు పాదరులును అమ్మలును దయగలవారే యనుటకు సందేహము లేదు. అయినను చీటి లేక చుట్టపుచూపునకు పోలేని ఊరును, రాత్రి పేరు పిలిచి మనుష్యులను లెక్కించు ఊరును ఏమని పిలువవలెనో పాఠకులే నిర్ణయింతురుగాక.

1930 లో జైళ్లు నిండినప్పుడు సర్కారు ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విభజించెను. చదువు, ఆస్తి, జీవనపద్ధతి ఆ విభాగమునకు కొలతలు. మన నాయకులు పలువురకు పై తరగతులు దొరకెను. ఎరుకలవాడు జైలుకు పోయినచో అతని తరగతి యేదో చెప్పనక్కఱలేదు. పై తరగతులను నిరాకరించినవారును కొందఱుండిరి. వారికి మా నమస్కారము. ఆ యుద్యమము ఉప్పుకొఱకు జరిగినదని స్మరించినచో, ఉప్పుచట్టముచేత మొట్టమొదట వర్తకమును పోగొట్టుకొన్నవారు ఆ కథలో ఎక్కడ నున్నారని అడుగుట అనుచితము కాదనుకొందుము.

పిలుపు రాకపోలేదు. 1936 అక్టోబరులో నెల్లూరు వచ్చిన జవాహర్లాల్ నెహ్రూ ఏ జాతిని జాతిగా నేరస్థమనరాదనియు, ఆ చట్టము పౌరస్వేచ్ఛకే విరుద్ధమనియు ఖండించెను. నెల్లూరి సీమలో యానాదులకొఱకు జీవితమంతయు పాటుపడిన వెన్నెలకంటి రాఘవయ్యగారు ఈ చట్టమును రద్దుచేయించుటకు విడువక కృషి చేసిరి. 1947 లో చెన్నపట్టణపు శాసనసభ తన రాష్ట్రమున దానిని రద్దుచేసెను. మన చిత్తూరు మండలపువాడగు మాడభూషి అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతను 1949 లో ఏర్పడిన విచారణసంఘము దేశమంతటను రద్దుచేయవలెనని చెప్పగా, 1952 ఆగస్టు 31 న అది పోయెను. ఆ దినమును విముక్తజాతులవారు నేటికిని ఉత్సవముగా జరుపుకొందురు.

కాని రిజిస్టరు పోవుట చట్టము పోయినంత సులభము కాలేదు. చెన్నపట్టణమున 1948 లోనే నేరములకు అలవాటుపడినవారిని నిర్బంధించు చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశమునకు 1962 లో అట్టిదే వచ్చెను. క్రొత్త చట్టములలో జాతి పేరు లేదు, మనిషి నేరచరిత్రయే కొలత; అది నిజముగా ఒక మార్పు. అయితే ఆ చరిత్రను వ్రాయు కలము, ఠాణా, అందులోని పాత పుస్తకములు మారలేదు. 2024 అక్టోబరు 3 న సుప్రీముకోర్టు, సుకన్యా శాంత అను పత్రికారచయిత్రి వేసిన వ్యాజ్యమున, కులమునుబట్టి ఖైదీలకు పనులు పంచు జైలు నియమములను కొట్టివేసి, విముక్తజాతులవారిని పుట్టుకతో నేరస్థులుగా నెంచు మాటలు పలు రాష్ట్రముల జైలు పుస్తకములలో ఇంకను ఉండుటను గర్హించెను; ఆ జాతులవారిని పోలీసులు నిష్కారణముగా పట్టరాదనియు, మూడునెలలలో నియమములను సవరింపవలెననియు ఆజ్ఞాపించెను. డెబ్బదిరెండేండ్ల క్రింద పోయిన చట్టపు మాటలవి.

స్టూవర్టుపురమునకు విజయవాడనుండి వెళ్లినవారిలో ఇద్దఱిని చెప్పక తప్పదు. గుఱ్ఱం జాషువ మహాకవి కుమార్తె హేమలతయు, నాస్తికకేంద్రమును స్థాపించిన గోరాగారి కుమారుడు లవణమును 1970 లకు నడుమ ఆ ఊరికి పోయి, వారి యిండ్ల నడుమ తిరుగుచు, ఏండ్లతరబడి పనిచేసిరి. "సంస్కార్" అను సంస్థను నడపిరి. దొంగలను మార్చుటకు పోయిరని జనులు వారిని గూర్చి చెప్పుకొందురు. మాకు తోచినదేమనగా, వారు ఆ ఊరివారిని కూర్చుండబెట్టి వారి మాట వినిరి. పోలీసులుగాని మునసబులుగాని మిషనరీలుగాని అంతకుముందు వారిని అడుగువారేకాని వినువారు కారు.

ఊరి పేరుమాత్రము వెండితెరకు లాభమయ్యెను. 1991 లో "స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్" అనియు "స్టూవర్టుపురం దొంగలు" అనియు రెండు చిత్రములు వచ్చెను. 2023 లో ఆ ఊరి దొంగ యొకని జీవితముపై "టైగర్ నాగేశ్వరరావు" చిత్రము సిద్ధమగుచుండగా, అది తమ ఊరిని ఎరుకలజాతిని కించపఱచుచున్నదని ఆక్షేపణ బయలుదేఱి, ఆంధ్రప్రదేశ హైకోర్టులో వ్యాజ్యము పడెను. కోర్టు నిర్మాతకు నోటీసు పంపెను. చిత్రము ఆ యేటి అక్టోబరులో విడుదలయ్యెను.